బెత్తెడు కదలిక

మూసిన 397వ రోజు

ఇవాళ పొద్దున గ్రీజు తుడిచిన గుడ్డ ఎర్రగా వచ్చింది.

ఎప్పుడూ నల్లగా వచ్చేది, కాకపోతే కాస్త గోధుమరంగు. ఇవాళ్టిది నూనెలో కలిపిన కారప్పొడిలా ఉంది. వేళ్ళ మధ్య నలిపితే సన్నగా గరగరలాడింది. ఉప్పునీళ్ళు దిగాయేమోనని నాలుక చివర పెట్టుకుని చూశాను. ఉప్పు లేదు.

మిగతా పనులు: తలుపు బేరింగు ఉన్న బావి మెట్లు అరవై నాలుగూ కడిగాం. ఊటనీరు నాలుగు బిందెలు తోడాం. కరెంటు లేక మూడో పంపు రెండు గంటలు ఆగింది. ఊరి కాలువ మట్టం రెండు వేళ్ళు పెరిగింది.

రాసింది కొక్కిలిగడ్డ పైడేశ్వరి, మడతిప్ప సముద్రపు తలుపు దగ్గర రెండో మేస్త్రీ. మొదటి మేస్త్రీ షేక్ మస్తాన్ వలి. చూపు మందగించాక పుస్తకం రాసే పని నాకిచ్చాడు. గుడ్డ ఆయనకి చూపించాను. దీపం కిందకి తీసుకెళ్ళి అటూ ఇటూ తిప్పి చూసి, మడిచి జేబులో పెట్టుకున్నాడు.

మూసిన 399వ రోజు

బేరింగు చుట్టూ ఉన్న పన్నెండు కంతల్లోంచీ గ్రీజు తీశాం. ఏడింట్లో ఎరుపు. ఏడూ సముద్రం బరువు పడే వైపువే.

మస్తాన్ బాబాయ్ ఇనప కడ్డీ ఒక కొస బేరింగుకి ఆనించి, రెండో కొస చెవికి పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు. మధ్యాహ్నం అన్నం తెచ్చుకున్న గిన్నె మూత కూడా తీయలేదు.

మూసిన 404వ రోజు

ఇంకో తలుపు దగ్గర ఇంకో మేస్త్రీ ఎప్పుడైనా ఇది చదవొచ్చు. అందుకని బాబాయ్ చెప్పింది చెప్పినట్టు రాస్తున్నాను.

మా తలుపు అరవై మీటర్ల వెడల్పు. ఒక కొస బావిలో బేరింగు మీద నిలబడి ఉంటుంది. ఆ బేరింగులో తొంభై రోలర్లు, ఒక్కొక్కటి రోకలి లావు. కట్టిన రోజుల్లో, పాటు తీసి సముద్రం దిగిన ప్రతిసారీ తలుపు తెరిచి ఊరి నీళ్ళు సముద్రంలోకి వదిలేవాళ్ళు. పోటొచ్చే వేళకి మూసేవాళ్ళు. రోజుకి రెండుసార్లు రోలర్లన్నీ తిరిగేవి. ఇప్పుడు పాటులో కూడా సముద్రం కాలువ కంటే నిలువెడు ఎత్తులో ఉంటోంది. అందుకే 404 రోజులుగా తలుపు మూసే ఉంది. నీళ్ళు పంపులతో కట్ట మీదుగా ఎత్తి పోస్తున్నాం.

"మూసి ఉంది కదా, ఇంక అరిగేదేముంది బాబాయ్?" అన్నాను.

"మూసి ఉంది, కానీ ఊరుకోలేదే అమ్మాయ్. అల కొట్టినప్పుడల్లా వణుకుతోంది. వెంట్రుకవాసి అటు, వెంట్రుకవాసి ఇటు. తిరిగే రోలరు తనకి కావలసిన నూనె తానే వెంట తెచ్చుకుంటుంది. వణికే రోలరు కింద ఉన్న నూనెని కూడా పక్కకి నెట్టేస్తుంది. ఇంక మిగిలింది ఇనుమూ ఇనుమూ. రెండూ ఒరుసుకుంటే పొడి రాలుతుంది. ఆ పొడి తుప్పు పట్టి ఎర్రబడుతుంది, ఇనుము కంటే గట్టిపడుతుంది. తన పొడితో తననే గీకేసుకుంటుంది."

"చుట్టూ ఇంత గ్రీజుంది కదా."

"చుట్టూ ఉంది. కావలసిన చోట లేదు."

అల ఎనిమిది సెకన్లకొకటి. రోజుకి పదివేల ఎనిమిది వందలు. నాలుగు వందల నాలుగు రోజులకి నేను లెక్క కట్టబోతే, బాబాయ్ వద్దన్నాడు.

మూసిన 411వ రోజు

కంతలోంచి చెయ్యి పెట్టి, రోలర్లు కూర్చున్న ఉక్కు గాడి తడిమి చూశాను. ప్రతి రోలరు పక్కనా ఒక గీత. గోరు పట్టుకుంటోంది. మైనంతో అచ్చు తీశాం. లోతు రెండు వెంట్రుకల మందం.

విరుగుడు ఒకటే ఉంది. తలుపు తెరవాలి. పూర్తిగా అక్కర్లేదు. ఒక్కో రోలరూ తాను అరగదీసిన గుంటలోంచి లేచి పక్క రోలరు చోటు దాకా దొర్లితే చాలు. కొత్త గ్రీజు లోపలికి వెళ్తుంది, పొడి బయటికొస్తుంది. బేరింగు దగ్గర అది బెత్తెడు కదలిక. తలుపు రెండో కొస దగ్గరికి వచ్చేసరికి ఆ బెత్తెడు నాలుగు మీటర్ల సందవుతుంది.

నాలుగు మీటర్ల సందు, తెరిచి మూయడానికి ఇరవై రెండు నిమిషాలు. ఎంత నీరు లోపలికొస్తుందో పంపుల వాళ్ళని అడిగి రాసుకొచ్చాను. పల్లపువాడలో ఏడు వందల నలభై ఇళ్ళు. గుండెల్లోతు. తోడి పోయడానికి పంతొమ్మిది రోజులు. కిందిపొలాల్లో రెండు పంటలు ఉప్పుకి పోతాయి.

నా ఇల్లు కూడా పల్లపువాడలోనే. నాది అంటే మా అక్క మంగతాయారుది. మా ఆయన పోయాక నన్ను తనింట్లో పెట్టుకుంది.

మూసిన 415వ రోజు

ముంపు సంఘం అధ్యక్షురాలు హైమావతి గారిని కలిశాం. మైనం అచ్చు బల్ల మీద పెట్టాను. ఆవిడ దాన్ని వేలితో తాకి చూసింది.

"ఇంత సన్నటి గీతకా మస్తాన్ గారూ?"

"గీతకి కాదమ్మా. గీత అంచు నుంచి పగులు పుడుతుంది. పగులు పుట్టాక మన చేతిలో ఏమీ ఉండదు. బేరింగు విరిగితే తలుపు ఒరుగుతుంది, దాన్ని కదలకుండా పట్టిన తాళపు దూలాలు జారిపోతాయి. సముద్రం ఒక్కసారిగా వస్తుంది."

"ఎప్పుడు?"

బాబాయ్ నా వైపు చూశాడు. చెప్పగలిగేది కాదది.

"ఎప్పుడో చెప్పలేని ప్రమాదం కోసం, రేపే ఏడు వందల నలభై ఇళ్ళు ముంచమంటున్నారు. నేను వాళ్ళకి ఏ ముఖంతో చెప్పను?" అందావిడ. కోపంగా అనలేదు. నిజంగానే అడిగింది.

ఊరి సభలో పెడతానంది.

మూసిన 431వ రోజు

లోతు మూడు వెంట్రుకలు. ఎరుపు తొమ్మిది కంతల్లో.

అక్కకి నేనే చెప్పాను, బయటినుంచి వినే కంటే నయమని. పొలం నుంచి వచ్చి కాళ్ళు కడుక్కుంటోంది. ఉప్పుకి తట్టుకునే వరి వంగడం మూడేళ్ళుగా ఎంచి ఎంచి నిలబెట్టుకున్నారు కిందిపొలం ఆడవాళ్ళు. ఆ విత్తనం ఇంకెక్కడా లేదు.

"అంటే మా ఇల్లు ముంచుతావు. మా మడి ముంచుతావు. ఎందుకూ, నీ తలుపుకి నూనె పెట్టుకోడానికి."

"అది మనందరి తలుపే అక్కా."

"తలుపు బాగానే ఉంది కదే! నిన్న వెళ్ళి చూసొచ్చాను. చుక్క నీరు కారట్లేదు."

"కారదు. కారినప్పుడు ఇంక..."

"ఇంకేం చెప్పకు. అన్నం తిను."

తిన్నాను. ఆవిడ తినలేదు.

మూసిన 446వ రోజు

సభ. బడి ఆవరణంతా నిండింది. బాబాయ్‌కి సభలో గొంతు లేవదని నన్నే మాట్లాడమన్నారు. వణుకు, పొడి, గుంట అన్నీ చెప్పాను. ఎర్ర గుడ్డలు వరసగా తీగ మీద ఆరేశాను. ముందు వరసలో ఒకాయన లేచి, "పాత ఇనుమన్నాక తుప్పు పట్టదా?" అన్నాడు. నవ్వారు. తుప్పు వల్ల అరగడం కాదు, అరగడం వల్ల తుప్పు అని చెప్పాను. ఎవరికీ పట్టలేదు. చెప్పడం నాకు చేతకాలేదేమో.

చేతులెత్తమన్నారు. తెరవాలన్న వాళ్ళు ఆరు వందల పన్నెండు. వద్దన్న వాళ్ళు పంతొమ్మిది వందల పైచిలుకు. లెక్క మధ్యలోనే ఆపేశారు.

అక్క వద్దని చెయ్యెత్తింది. నన్ను చూస్తూనే ఎత్తింది.

మూసిన 452వ రోజు

తెరవకుండా ఏం చేయగలమో అవన్నీ చేస్తున్నాం. గ్రీజులో పల్చటి నూనె కలిపి ఎక్కిస్తున్నాం. పల్చటిదైతే సందులోకి పాకుతుందని ఆశ. నాలుగు రోజులు గుడ్డ కాస్త తెల్లబడింది. బాబాయ్ ఇంటి నుంచి ఆయన భార్య కరీమున్నీసా పిన్ని సేమ్యా చేసి పంపింది. బావిలో కూర్చుని తిన్నాం.

ఐదో రోజు మళ్ళీ ఎరుపు. మునుపటి కంటే చిక్కగా. పల్చటి నూనె లోపలికి పాకుతోంది, అంతే తేలిగ్గా బయటికీ కారిపోతోంది.

మూసిన 470వ రోజు

తాళపు దూలాల సందుల్లో చెక్క మేకులు దిగ్గొట్టాం, వణుకు తగ్గుతుందేమోనని. మొదటి పూట తగ్గింది. సాయంత్రానికి చెక్క నలిగి పిండైపోయింది. ఇనపవి దిగ్గొడితే దూలం పగిలింది. తీసేశాం.

లోతు వెంట్రుకల్లో కొలవడం మానేశాను. గోరు మందం ఉంది.

మూసిన 488వ రోజు

మూడు రోజులుగా అల్పపీడనం. అలలు పెద్దవి. తలుపు ఇదివరకులా వణకడం లేదు, కొడుతోంది. రోలర్లు గుంటల్లో వదులై, అల వచ్చినప్పుడల్లా దబ్బుమని ఆ అంచుకీ ఈ అంచుకీ. ఆ చప్పుడు పల్లపువాడ దాకా వినిపిస్తోంది. వాకిట్లో నిలబడి జనం వింటున్నారు. చంటిపిల్లలు ఉలిక్కిపడి లేస్తున్నారని అక్క అంది. నాతో మాట్లాడి పదిహేను రోజులైంది, ఆ ఒక్కమాటే.

మూసిన 491వ రోజు

హైమావతి గారు బావిలోకి దిగింది. అరవై నాలుగు మెట్లూ ఆపకుండా. కడ్డీ చెవికి పెట్టుకుంది. రెండు అలలు వింది. మూడో అలకి కడ్డీ కిందపెట్టేసింది.

"అమావాస్య పాటుకి సముద్రం బాగా దిగుతుంది కదా?"

"ఇంకో ఇరవై ఒక్క రోజులు," అన్నాను.

"అప్పుడు తెరవండి. సభా లేదు, చేతులెత్తడాలూ లేవు. తిట్లేవో నేనే పడతాను."

పైకొచ్చాక బాబాయ్ కళ్ళు తుడుచుకున్నాడు. నాకైతే ఒంట్లో ఎంత బలమొచ్చిందో! తొంభై రోజులుగా ఒక్కదాన్నే పిచ్చిదాన్లా అరిచాను. ఇప్పుడు నేనన్నదే అయింది.

మూసిన 509వ రోజు

ఇది రాయకుండా ఉండొచ్చు. బాబాయ్ చదవలేడు, ఇంకెవరూ ఈ పుస్తకం తెరవరు. అయినా రాస్తున్నాను.

తెరిచే ముందు ఆఖరి తనిఖీ. ఉక్కు గాడి మీద ఎర్ర రంగు పూసి, తుడిచేసి, పైన తెల్లపొడి చల్లుతాం. పగులుంటే అందులో దాగిన రంగు పొడిలోకి ఊరి గీతలా పైకొస్తుంది. పదకొండు కంతల్లో ఏమీ రాలేదు. ఐదో కంత దగ్గర వచ్చింది. గుంట అంచున మొదలై, గాడి కిందికి దిగిపోయింది. ఎంత లోపలికి వెళ్ళిందో చూసే సాధనం మా దగ్గర లేదు.

బాబాయ్ చెయ్యి పట్టుకుని గీత మీద పెట్టాను. పొడి ఆయన వేలికి అంటింది.

"చెప్పాలమ్మా. ఇప్పుడే వెళ్ళి చెబుదాం."

"చెబితే ఆపేస్తారు బాబాయ్."

"ఆపితే ఆపనీ. పగిలిన గాడి మీద తలుపు తిప్పడం వేరు, అరిగిన గాడి మీద తిప్పడం వేరు. తిప్పేటప్పుడు విరగొచ్చు."

"తిప్పకపోతే విరగదా? ఏదో ఒకరోజు అందరూ ఇళ్ళల్లో ఉండగా విరుగుతుంది. ఇప్పుడైతే పల్లపువాడ ఖాళీ చేస్తున్నారు. పడవలు సిద్ధంగా ఉంటాయి. ఇంకోసారి వీళ్ళని ఒప్పించడం నా వల్ల కాదు."

"వాళ్ళ ఇళ్ళు కదా పైడమ్మా. వాళ్ళకి తెలియాలి కదా."

నేను ఆయన కాళ్ళు పట్టుకున్నాను. ఈ మాట ఈ పుస్తకంలో దాచను. బావి అడుగున తడిలో మోకాళ్ళ మీద కూర్చుని రెండు కాళ్ళూ పట్టుకున్నాను. నా తండ్రి వయసు ఆయనది. "లే, లే" అన్నాడు. చివరికి, "నీ ఇష్టం" అన్నాడు. గుడ్డతో తెల్లపొడి తనే తుడిచేశాడు.

నేను చెప్పిన కారణం నిజమే. కానీ అదొక్కటే కాదు. ఊరందరి ముందు ఎర్ర గుడ్డలు ఆరేసి నవ్వులపాలైన మనిషిని. ఇన్నాళ్ళకి నా మాట గెలిచింది. నేనే వెళ్ళి, వద్దు, ఆపండి అనాలంటే నోరు రాలేదు.

మూసిన 511వ రోజు

పల్లపువాడ ఖాళీ చేశారు. మంచాలు, పొయ్యిలు, తలుపు రెక్కలు కూడా ఊడదీసి బండ్లకెక్కించారు. గోడల మీద నీళ్ళు ఎంతవరకూ వస్తాయో హైమావతి గారి మనుషులు సున్నంతో గీత గీశారు. అక్క విత్తనాల మూటలు మూడు నెత్తిన పెట్టుకుని బడి మేడ ఎక్కింది. నారుమడి మాత్రం మోసుకెళ్ళలేరు కదా. మడి గట్టు మీద కాసేపు కూర్చుంది. పక్కన కూర్చున్నాను.

"రేపటితో సరిపోతుందంటావా?" అంది.

"సరిపోతుందక్కా."

మూసిన 512వ రోజు

తెరిచాం.

పాటు పూర్తిగా తీసింది పొద్దున తొమ్మిది దాటాక. నేను పైన మోటారు దగ్గర. బాబాయ్ కింద బావిలో, కడ్డీ పట్టుకుని. "నువ్వే పైన ఉండు. నా చూపుకి మీటలు కనపడవు. నా చెవికి పని కింద ఉంది" అన్నాడు. మా మధ్య ఒక ఫోను తీగ.

తాళపు దూలాలు తీశాం. సముద్రం తలుపుని లోపలికి తోస్తుంటే మోటారు పట్టి పట్టి వదలాలి. మొదట కదల్లేదు. రోలర్లు గుంటల్లో ఇరుక్కున్నాయి. తరవాత ఒక్కసారిగా, తొంభై రోలర్లూ గుంటలు దాటిన మోత. నా కాళ్ళ కింద కాంక్రీటు అదిరింది.

"లేచాయమ్మా! లేచాయి! తిరుగుతున్నాయి!" బాబాయ్ గొంతు. ఆ గొంతులో అంత సంతోషం నేనెప్పుడూ వినలేదు.

మీటరు. రెండు. నాలుగు. సందులోంచి నీళ్ళు తెల్లగా కాలువలో పడుతున్నాయి. కింద ఆయన కొత్త గ్రీజు ఎక్కిస్తున్నాడు. "ఎర్రటిదంతా కక్కేస్తోంది. ఇంకొంచెం. ఇంకొంచెం ఆగు." పదకొండు నిమిషాలు. గట్టు మీద హైమావతి గారు గడియారం చూస్తూ నిలబడింది.

"ఇంక మూయి" అన్నాడు.

మూయడం మొదలుపెట్టాను. ఈసారి మోటారు నీటికి ఎదురు లాగాలి. బరువంతా ఒక పక్కకి వచ్చింది. నాలుగు, మూడున్నర, మూడు. రెండున్నర దగ్గర కింద చప్పుడైంది. పెద్దది కాదు. ఎండు కట్టె విరిగినట్టు.

"బాబాయ్?"

"ఆపు" అన్నాడు. తరవాత మామూలు గొంతుతో, "ఐదో కంత దగ్గర. గాడి రెండు ముక్కలైంది" అన్నాడు.

తలుపు చివర జానెడు కుంగింది. మోటారు మొరాయించింది. అటూ పోదు, ఇటూ రాదు. కుంగినప్పుడు బావి గోడకీ తలుపుకీ మధ్య ఉన్న రబ్బరు పట్టీ చినిగింది. బావిలోకి నీళ్ళు దిగిన మోత నాకు ఫోనులో వినిపించింది.

"ఎక్కెయ్ బాబాయ్! మెట్లెక్కెయ్!"

"ఎక్కుతున్నా."

అరవై నాలుగు మెట్లు. ఆయనకి డెబ్భై ఒకటి. నేను బావి అంచుకి పరిగెత్తేసరికి ఇరవయ్యో మెట్టు మీద నురుగు తిరుగుతోంది. దిగబోతే ఇద్దరు నా జుట్టూ చీరా పట్టుకుని ఆపారు.

ఆయన రాలేదు.

తెరిచిన 2వ రోజు

రెండున్నర మీటర్ల సందు మూయడానికి ఇసక బస్తాలు, రాళ్ళ పడవ, పాత బస్సు వేశారు. అన్నీ పోటుకి కొట్టుకుపోయాయి. సున్నపు గీతలు మునిగిపోయి చాలాసేపైంది. బడి కింది అంతస్తులోకి నీళ్ళొచ్చాయి. పంపులు ఒక్కొక్కటే ఆగిపోతున్నాయి.

ఎగువ మెరక నుంచి పడవలొస్తున్నాయి. ముందు పిల్లలు, బాలింతలు.

తెరిచిన 4వ రోజు

మడతిప్పలో నీటి పైకి కనిపించేవి: బడి మేడ, నీళ్ళ ట్యాంకు, పంపు ఇంటి కప్పు, తలుపు. తలుపు ఒక పక్కకి ఒరిగి అలాగే నిలబడి ఉంది.

పోయినవాళ్ళు పదకొండు మంది, బాబాయ్‌తో కలిపి. చాలామంది ముసలివాళ్ళు, పడవ తిరగబడి. ఆరు వేల మందిలో పదకొండే అని హైమావతి గారు అంది. అని, ముఖం తిప్పుకుంది.

ఆఖరి పడవలో అక్కా నేనూ ఎక్కాం. రెండు విత్తనాల మూటలు తడిసి మొలకలొచ్చేశాయి. మూడోది ఒళ్ళో పెట్టుకుంది.

తెరిచిన 23వ రోజు

మెరక శిబిరం. ఒక రేకుల షెడ్డులో నలభై కుటుంబాలు. మా ఊరనేది ఇంక లేదని, ఈ ఏడు తరవాత ఎవరు ఎటు పోతారో వాళ్ళిష్టమని చెప్పేశారు.

జనం నాకు దారి ఇస్తున్నారు. నీళ్ళ దగ్గర ముందుకి రమ్మంటున్నారు. "మొదట్నుంచీ చెప్పింది నువ్వొక్కదానివే తల్లీ. మేమే వినలేదు" అంటున్నారు. సభలో తుప్పని నవ్వినాయన వచ్చి నా రెండు చేతులూ పట్టుకుని ఏడ్చాడు. అప్పుడే తెరిచి ఉంటే నిలబడేది కదా అన్నాడు. నిలబడేది, నిజమే. అది నిజం కావడమే నాకు ఊపిరాడనివ్వడం లేదు.

అక్క కూడా మెత్తబడింది. నిన్న నా తల దువ్వింది.

తెరిచిన 26వ రోజు

ఎగువ తలుపుల ఇన్‌స్పెక్టరు వచ్చాడు, ఏం జరిగిందో రాసుకోడానికి. షెడ్డు బయట బల్ల వేశారు. చుట్టూ జనం. మనిషి మంచివాడే, మర్యాదగా అడిగాడు.

"తెరిచే ముందు పగుళ్ళ పరీక్ష చేశారా?"

"చేశాం."

"ఎవరు చేశారు?"

నేను నోరు తెరిచేలోగా వెనకనుంచి ఎవరో అన్నారు: "మస్తానే చేసుంటాడండీ, పెద్ద మేస్త్రీ ఆయనే. పాపం, చూపు ఆనేది కాదు." ఇంకొకరు, "కనపడి ఉండదు. ముసలాయన" అన్నారు. అందరూ అవునన్నట్టు తలలూపారు. ఇన్‌స్పెక్టరు అది రాసుకోబోయాడు. కరీమున్నీసా పిన్ని ఆ గుంపులోనే ఉంది. తలమీద కొంగు లాక్కుని నేల చూస్తోంది. భర్త చూడలేక ఊరిని ముంచాడన్న మాట ఆవిడ చెవిన పడింది.

ఊరుకుంటే అయిపోయేది. ఎవరూ మళ్ళీ అడిగేవాళ్ళు కాదు.

"రాయకండి" అన్నాను. "పరీక్ష నేను చేశాను. పగులు కనపడింది. తెరవడానికి మూడు రోజుల ముందు. చెబుదామని ఆయన అన్నాడు. నేనే వద్దన్నాను. కాళ్ళు పట్టుకుని వద్దన్నాను."

ఈ పుస్తకం తెరిచి 509వ రోజు పేజీ ఆయన ముందు పెట్టాను.

ఎవరూ అరవలేదు. కొడతారనుకున్నాను, ఎవరూ ముందుకి రాలేదు. కిందిపొలంలో అక్కతో పాటు మడి చేసే ఆవిడ ఒకతె, "తెరవకుండా ఉంటే ఎన్నాళ్ళు ఆగేది?" అని అడిగింది.

"తెలీదు. వారం ఆగేదేమో. ఏడాదేమో."

"ఏడాదా?"

"తెలీదమ్మా."

గుంపు కొంచెం కొంచెంగా విడిపోయింది. అక్క నా వైపు చూడకుండా లోపలికి వెళ్ళింది. ఇన్‌స్పెక్టరు పేజీ నకలు తీసుకుని పుస్తకం తిరిగిచ్చాడు. పిన్ని మాత్రం కదల్లేదు. అందరూ వెళ్ళాక దగ్గరికొచ్చింది.

"ఎప్పుడన్నావు అది? తెరవడానికి మూడు రోజుల ముందా?"

"అవును పిన్నీ."

"ఆ పూట ఆయన అన్నం ముందు కూర్చుని లేచిపోయాడు. ఏమైందని అడిగాను. ఆకలి లేదన్నాడు. మర్నాడూ అంతే. ఒంట్లో బాగోలేదా అంటే, బాగానే ఉందన్నాడు." "చివరి మూడు రోజులూ నా మనిషి నాతో మాట్లాడకుండా పోయాడు. ఏం తప్పు చేశానా అని ఇన్నాళ్ళూ నన్ను నేను తవ్వుకుంటున్నానే పైడమ్మా."

క్షమించమని అడగలేదు నేను.

ఆవిడ వెళ్ళి బల్ల ఎత్తబోతున్న ఇన్‌స్పెక్టరు దగ్గర నిలబడింది. "బాబూ, మా ఆయన పేరు దగ్గర చూపు ఆనదని రాశావా?" అని అడిగింది. రాయలేదని ఆయన కాగితం తిప్పి చూపించాడు. పిన్నికి చదువు రాదు. అయినా వంగి, కాగితం మీద అక్షరాలన్నీ పైనుంచి కింది దాకా చూసింది.